సరె తియ్యి

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోకి వస్తూనే విఠల్ కంట పడింది సుభద్ర జుట్టు. నడుం దాటి వేలాడే జడ లేదు. మెడ దగ్గరికి కత్తిరించి ఉంది. చూసీ చూడనట్టు బూట్లు విప్పి, తెచ్చిన సకినాల డబ్బా ఆమె భర్త నర్సింహ చేతికిచ్చి, హీటరుకు దగ్గరగా కూర్చున్నాడు. రిక్కార్టన్‌లో పప్పులూ కారాలూ అమ్మే కొట్టు విఠల్‌ది. క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న కాసిని తెలుగు కుటుంబాలకు సంఘం పెట్టిందీ ఆయనే, ఇన్నేళ్ళుగా దాన్ని మోస్తున్నదీ ఆయనే. ఆదివారం కొట్టు వదిలి ఊరికే వచ్చే మనిషి కాదు.

"జడెందుకు కోయించినవ్ చెల్లె?" అన్నాడు చివరికి ఉండబట్టలేక.

"కుడి చెయ్యి భుజం మీదికి లేస్తలేదు గదన్నా. రోజూ సిరి దువ్వి జడేసేది. దానికి బస్సు పోతున్నది."

"నేనెప్పుడూ కంప్లైన్ చెయ్యలేదు మమ్మీ," అని పక్క గదిలోంచి ఆమె కూతురు సిరి ఇంగ్లీషులో అరిచింది.

విఠల్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన వచ్చిన పనేమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. డాక్టర్ పట్టాభి మీద విచారణ దగ్గరపడింది. ఆ విచారణకు మూలం సుభద్ర ఫిర్యాదు.

జరిగింది రెండేళ్ళ కింద, రెండువేల అయిదు శీతాకాలంలో. సుభద్ర బీపీ మాత్రల కోసం పట్టాభి దగ్గరికి వెళ్ళింది. ఆయన గోదావరి వైపు మనిషి, మెత్తని మాట. ఊళ్ళో తెలుగు మాట్లాడే డాక్టరు ఆయనొక్కడే. మెడ పక్కన చర్మం కింద చిక్కుడు గింజంత గడ్డ తగులుతోందని ఆమె మాటవరసకు చెప్పింది. ఆయన వేళ్ళతో నొక్కి చూశాడు.

"చిన్నదేనమ్మా. తీసేస్తే ఓ పనైపోతుంది. ఇక్కడే చేసేయొచ్చు, హాస్పిటల్ చుట్టూ తిరగక్కర్లేదు."

"నొప్పి లేదు గద సార్. ఇప్పుడెందుకు?"

"నొప్పి వచ్చేదాకా కూర్చుంటారా ఏంటి?" అని నవ్వి, గోడ మీది గడియారం చూశాడు.

ఆ చూపు ఆమెకు అర్థమైంది. బయట ఇంకా జనం ఉన్నారు. ఇక ఈ మాట ఇంతటితో ఆపి, ఇంటికి పోయి ఆలోచించుకుందామనుకుంది. "సరె తియ్యి సార్," అని మందుల చీటీ కోసం చెయ్యి చాపింది. ఆమె పుట్టి పెరిగిన జనగామ వైపు 'సరె తియ్యి' అంటే ఒప్పుకోవడం కాదు, కాదనడమూ కాదు. పోనీ, ఇంక వదిలెయ్యి అని.

ఆయన లేచాడు. "రండి, పక్క గదిలో చూద్దాం."

ఆమె వెళ్ళింది. పడుకోమంటే పడుకుంది. కాస్త చురుక్కుమంటుంది అన్నాడు. చురుక్కుమంది. నర్సు ఆకుపచ్చ గుడ్డ తెచ్చి ముఖమ్మీద కప్పింది. మెడ మీద ఏదో బరువుగా లాగుతున్నట్టయింది.

ఆ తర్వాత భుజం జారడం మొదలుపెట్టింది. కిండర్‌గార్టెన్‌లో పిల్లల్ని ఎత్తుకోలేకపోయింది. వెళ్ళిన ప్రతిసారీ పట్టాభి, "వయసమ్మా, చలికి బిగుసుకుంటుంది, కాస్త ఎక్సర్‌సైజు చేయండి," అని పంపించాడు. చివరికి ఒక ఫిజియోథెరపిస్టు ఆమె వీపు చూసి హాస్పిటల్‌కు చీటీ రాసింది. కుడి రెక్కఎముక గూటిలోంచి జారిన తలుపులా బయటికి పొడుచుకొచ్చి ఉంది. గడ్డతో పాటు మెడలోంచి భుజానికి పోయే నరం తెగిందని హాస్పిటల్లో సర్జన్ చెప్పాడు. మొదటి నెలల్లో వచ్చి ఉంటే కుట్టడానికి వీలుండేదన్నాడు.

పట్టాభి జవాబు ఒక్కటే. ఆ రోజు రికార్డులో ఇంగ్లీషులో రాసుకున్నాడు: 'తీసేయమని రోగి స్వయంగా చెప్పింది.'

"చూడు చెల్లె," అన్నాడు విఠల్, టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని. "ఈ దేశంల కోర్టుకు పోయినా పైసలియ్యరు. నీ చెయ్యికైన ఖర్చు ఎట్లనన్న సర్కారే పెట్టుకుంటది. మరి నీకొచ్చేదేంది?"

"నాకేమొద్దన్నా."

"మరి?"

ఆమె ఇదే ప్రశ్న తనను తాను ఎన్నోసార్లు వేసుకుంది. పగ కాదని నమ్మడానికి మొదట్లో కష్టపడింది. మనసు తన పగకు న్యాయం అని పేరు పెట్టుకోగలదని ఆమెకు తెలుసు. అందుకే పట్టాభి బాధపడుతున్నట్టు ఊహించుకుని చూసింది, దాంట్లో తనకు సుఖముందా అని. లేదు. ఆయన సంతోషంగా ఉన్నట్టూ ఊహించుకుంది. దానికీ ఏమీ అనిపించలేదు. ఆయన ఇంకో మనిషి ముఖమ్మీద గుడ్డ కప్పుతున్నట్టు ఊహించుకున్నప్పుడు మాత్రం కూర్చున్నచోట కూర్చోలేకపోయింది.

"ఆయన నా మాట తీస్కొని తన మాట చేస్కున్నడన్నా," అంది. "నా మాట నాకు తిరిగి కావాలె."

"మాటల కోసం ఒక మనిషి బతుకు తీస్తవా?" విఠల్ గొంతు కాస్త గట్టిపడింది. "మన దగ్గరికొచ్చే ముసలోళ్ళకు ఇంగ్లీషు రాదు. కడుపుల నొప్పయినా, గుండెల నొప్పయినా ఆయనకే చెప్పుకుంటరు. మా అమ్మకు పండుగ పూట ఫోన్ల మందు చెప్పిండు, రూపాయి తీస్కోలే. ఆయన పోతే వాళ్ళు ఎవరికి చెప్పుకోవాలె? మనోడు గద, చెల్లె."

"అందుకే అన్నా."

"ఏందందుకే?"

"వాళ్ళకు ఇంకెవ్వరు లేరు. ఆయన తప్పు విన్నా, తప్పు విన్నవని చెప్పెటోళ్ళు లేరు. అందుకే."

నర్సింహ అంతదాకా సకినం విరుస్తూ కూర్చున్నాడు. "విఠలన్నా, నేను గూడ చెప్పి చూసిన," అన్నాడు. "ఈమె పెండ్లిల గూడ తాళి కట్టెటప్పుడు తల వంచలే. చివరికి నేనే వంగిన."

విఠల్ ఈసారి నిజంగానే నవ్వాడు. కాసేపు వేరే మాటలు నడిచాయి. గాలి ముదిరి కిటికీ అద్దం కొట్టుకుంటోంది. లేచే ముందు ఆయన ఇంకోసారి అడిగాడు, చాలా మెల్లగా, సొంత చెల్లెల్ని అడిగినట్టు. "వాపస్ తీస్కో సుభద్రా. నా ముఖం చూసి."

సుభద్ర ఆ ముఖం చూసింది. చలికి పగిలిన పెదాలు, ఏళ్ళుగా అందరి గొడవలూ మోసి అలసిన కళ్ళు. ఈ మనిషి ముందు వాదించి గెలవాలని ఆమెకు లేదు.

"సరె తియ్యన్నా," అంది.

విఠల్ నిట్టూర్చి లేచాడు. బూట్లు వేసుకుని, "నీ ఇష్టం. నేనైతే ఆయన దిక్కు చెప్పడానికి పోతున్న. నీకు చెప్పకుండ పోతే మంచిగుండది," అని వెళ్ళిపోయాడు.

*

విచారణ ఒక హోటల్ మీటింగు హాల్లో జరిగింది. బల్ల వెనక అయిదుగురు. మధ్యలో అధ్యక్షురాలు, వృత్తికి లాయరు. అటూ ఇటూ ముగ్గురు డాక్టర్లు, వైద్యంతో సంబంధం లేని ఒక పెద్దమనిషి. ప్రతి ఒక్కరి ముందూ నీళ్ళ జగ్గు, గిన్నెలో పిప్పరమెంట్లు. మనిషి వృత్తి నిలబడుతుందా కూలుతుందా అని తేల్చే చోట పిప్పరమెంట్లు ఉంటాయని సుభద్ర అనుకోలేదు.

ఆమె ఇంగ్లీషులో మాట్లాడగలదు. కిండర్‌గార్టెన్‌లో రోజంతా మాట్లాడేది అదే. అయినా తెలుగులోనే చెబుతానంది. గొడవంతా తెలుగు మాట మీదే. ఆక్లాండ్ నుంచి సీతారత్నం అనే దుబాసీని పిలిపించారు. గుంటూరు వైపు ఆవిడ, జరీ అంచు చీర మీద ఉన్ని కోటు. "నేను మీ వైపూ కాదు, వాళ్ళ వైపూ కాదండీ. మీరేమంటే అదే చెబుతాను," అంది మొదట్లోనే.

ఫిర్యాదు తరఫున వాదించే లాయరు ఫియోనా అడగాల్సినవి అడిగింది. తర్వాత పట్టాభి లాయరు లేచాడు. తెల్లజుట్టు, మంచి గొంతు.

"'సరె తియ్యి'. మీరు ఈ మాటలు అన్నారా?"

"అన్న."

ఆయన దుబాసీ వైపు తిరిగాడు. "పదానికి పదం అర్థం చెప్పండి."

సీతారత్నం ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "పదానికి పదమైతే, 'సరే, బయటికి తీయి' అని."

వెనక కుర్చీల్లో ఎవరో కదిలారు. సుభద్ర తనను తాను ఆపుకుంది. కోపం వస్తే మాట పెరుగుతుంది. తెలిసినదానికంటే ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పకూడదని ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే అనుకుంది. గుర్తుచేసుకున్న ప్రతిసారీ జ్ఞాపకం కాస్త తనకు అనుకూలంగా వంగుతుందని ఈ రెండేళ్ళలో కనిపెట్టింది. అందుకే వంగని భాగాలే పట్టుకుని వచ్చింది.

"నిజంగ తీయమని చెప్పాల్నంటే 'తియ్యుండ్రి సార్' అంట," అంది. "డాక్టర్ను పట్టుకొని 'తియ్యి' అంటనా? ఆయనేమన్న నా తమ్ముడా? ఈ 'తియ్యి' ఎవరికీ చెప్పేది గాదు. మాటకు తలుపు పెట్టుడు."

దీన్ని ఇంగ్లీషులో పెట్టడానికి సీతారత్నానికి చాలాసేపు పట్టింది. ఇంగ్లీషులో 'మీరు'కైనా 'నువ్వు'కైనా ఒకటే మాట. బల్ల వెనక డాక్టర్లు తలలూపారు కానీ అర్థమైనట్టు లేదు.

"తలుపు పెట్టారు," అన్నాడు లాయరు మర్యాదగా. "పెట్టి, ఆయన వెంట పక్క గదిలోకి నడిచారు. ఎందుకు?"

"చూద్దాం అన్నడు. చూస్తడనుకున్న."

"ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు?"

"టెస్టుకు గడ్డలకెల్లి రక్తం తీస్తున్నడనుకున్న."

"కోస్తున్నప్పుడు?"

అందరూ తనవైపే చూస్తున్నారు. పట్టాభి మాత్రం తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

"అప్పుడు తెల్సింది."

"అయినా ఆపమనలేదు."

"అనలే."

"ఎందుకని?"

దీనికి ఆమె దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులు చాలానే ఉన్నాయి. భయమేసింది. కత్తి మెడ మీద ఉంది. కదిలితే ప్రమాదం. అన్నీ నిజాలే. కానీ వాటి కింద ఇంకోటి ఉంది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు, ఫియోనాకు కూడా.

"మర్యాద పోతదని," అంది.

సీతారత్నం ఆ మాటను అనువదించింది. అధ్యక్షురాలు ముందుకు వంగింది. "ఎవరి మర్యాద?"

"ఆయనదే. నర్సు ముంగట ఆయన తప్పు చేస్తున్నడని నేను చెప్పినట్టయితది. అంత పెద్ద మనిషి, మనోడు, తెల్లోళ్ళ ముంగట చిన్నగయితడు." అధ్యక్షురాలి వైపే చూస్తూ అంది. "మెడ మీద కత్తి ఉన్నప్పుడు గూడ నేను ఆయన మర్యాదే చూసిన. ఆయన నాది చూడాలె గద. డాక్టరు ఆయన, నేను గాదు."

లాయరు ఇంకేమీ అడగలేదు. అడిగితే తనకే నష్టమని ఆయనకు తెలిసినట్టుంది.

పట్టాభి చెప్పినప్పుడు ఇంగ్లీషులోనే చెప్పాడు. నరం సంగతి తనకు తర్వాత తెలిసిందన్నాడు. ముందే పంపాల్సింది, ఒప్పుకుంటున్నానన్నాడు. ప్రమాదం ఉందని ముందుగా ఎందుకు చెప్పలేదని ఫియోనా అడిగితే ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. మళ్ళీ ఒకసారి ఎందుకు అడగలేదంటే మాత్రం తల ఎత్తాడు. "వేరే భాష పేషంట్లయితే ప్రతిదీ రెండుసార్లు అడుగుతాను. ఇంటర్‌ప్రెటర్‌ను పిలుస్తాను. ఈవిడది నా భాషే. ఆవిడ తీయమంది, నేను తీశాను."

అలా అన్నప్పుడు ఆయన అబద్ధం చెబుతున్నట్టు సుభద్రకు అనిపించలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అబద్ధమాడేవాడికి తన తప్పు ఎక్కడుందో తెలుసు. ఈయనకు తెలియదు. తెలియకుండానే రేపు ఇంకో ముసలమ్మ మెడ మీద కత్తి పెడతాడు.

భోజనాల వేళ ఫియోనా తర్వాతి సాక్షి ఎవరో చెప్పింది. డాక్టరు గుణం గురించి, సమాజానికి ఆయన చేసిన సేవ గురించి చెప్పడానికి సంఘం పెద్ద వస్తున్నాడు. విఠల్.

శాండ్‌విచ్ సుభద్ర చేతిలోనే ఉండిపోయింది. ఆ ఆదివారం ఆయన నిట్టూర్చి లేవడం, బూట్లు వేసుకోవడం కళ్ళముందు కదిలాయి. విఠల్‌ది హైదరాబాదు, ఆ వాడుక తెలిసిన ఊరు. 'సరె తియ్యన్నా' అన్న ఆమె మాట ఆయన విన్నాడు. సంతోషించి కూర్చోలేదు. లేచి వెళ్ళిపోయాడు.

చెప్పాలా? చెబితే ఇంటికొచ్చి సకినాలిచ్చిన మనిషిని నిండు సభలో నిలబెట్టినట్టవుతుంది. తెల్లారితే ఊళ్ళో తెలుగిళ్ళన్నీ అదే చెప్పుకుంటాయి. రిక్కార్టన్ కొట్టుకు మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది? చెప్పకపోతే పోయేది ఒక్క మాటే. అక్కడ ఆమె తన ఆలోచనను పట్టుకుంది. మళ్ళీ ఎవరిదో మర్యాద. ముఖమ్మీద గుడ్డ లేకపోయినా ఇప్పుడూ నోరు మూసుకోబోతోంది.

"ఫియోనా," అంది ఇంగ్లీషులో. "అతన్ని ఒక్కటి అడగాలి."

*

విఠల్ కోటు గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. దేవుడి మీద ప్రమాణం చేశాడు. పట్టాభి గురించి చెప్పినవన్నీ నిజాలే. పండుగ పూట ఫోన్లు, డబ్బు తీసుకోకుండా చేసిన వైద్యం, ఒక పసిపిల్లను సమయానికి హాస్పిటల్‌కు పంపడం. సుభద్ర ఒక్కదానికీ అడ్డంగా తల ఊపలేదు.

ఫియోనా లేచింది. "మీరు సుభద్ర ఇంటికి వెళ్ళారా, ఫిర్యాదు వెనక్కి తీసుకొమ్మని అడగడానికి?"

విఠల్ సుభద్ర వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. "వెళ్ళాను."

"ఆఖరిసారి అడిగినప్పుడు ఆమె ఏమంది? తెలుగులోనే చెప్పండి."

విఠల్‌కు తననెక్కడికి తెచ్చి నిలబెట్టారో అప్పుడర్థమైంది. గోడ పక్కన పట్టాభి భార్య పమిట చెంగు బిగించి పట్టుకుంది. పట్టాభిని కాపాడగలిగే అబద్ధం ఎంతో చిన్నది. గుర్తులేదంటే చాలు. సుభద్ర ఆ చిన్న అబద్ధం కోసం ఎదురుచూసింది. వస్తే తట్టుకోవడానికి ఎడమ చేత్తో కుర్చీ అంచు పట్టుకుంది.

"'సరె తియ్యన్నా' అంది," అన్నాడు విఠల్.

"అంటే ఫిర్యాదు తీసేస్తుందని అర్థం చేసుకున్నారా?"

"లేదు."

"మరి?"

"ఇంక మాట్లాడేది లేదు, పొమ్మని. అందుకే లేచి వచ్చిన." విఠల్‌కు తెలియకుండానే మాట తెలుగులోకి జారింది. సీతారత్నం ఆ వాక్యాన్ని నెమ్మదిగా ఇంగ్లీషు చేసింది.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసింది. "దుబాసీ గారూ, మీ ప్రాంతంలో ఈ వాడుక ఉందా?"

"లేదండీ. మేం 'సరేలే' అంటాం," అంది సీతారత్నం. తర్వాత, తన పని ఇది అవునో కాదో అన్నట్టు కాస్త సంకోచించి, "దాన్ని పదానికి పదం చెబితే, 'సరే, లేచి నిలబడు' అని వస్తుంది. ఇన్నేళ్ళలో అది విని ఎవరూ లేచి నిలబడలేదు," అంది.

డాక్టరు కాని పెద్దమనిషి ఫక్కున నవ్వాడు. డాక్టర్లు నవ్వలేదు. వాళ్ళలో వయసులో పెద్దామె పట్టాభి వైపు చూసి, మొదటిసారిగా ఏదో రాసుకుంది.

సాయంత్రం అధ్యక్షురాలు నిర్ణయం చదివింది. అనుమతి లేకుండా కోయడం, ప్రమాదం చెప్పకపోవడం, తిరిగి వచ్చిన రోగిని సమయానికి పంపకపోవడం, మూడూ రుజువయ్యాయి. ఇది వృత్తిలో దుష్ప్రవర్తన. ఆయన వైద్యం చేయవచ్చు, కానీ కత్తి పట్టకూడదు. మూడేళ్ళు ఇంకో డాక్టరు పర్యవేక్షణలో పనిచేయాలి. ఇంగ్లీషు రాని ఏ రోగికైనా, తన భాషవాళ్ళకైనా సరే, భాష తెలిసిన మూడో మనిషిని పక్కన పెట్టుకోవాలి.

ఆ చివరి షరతు విన్నప్పుడు సుభద్ర కళ్ళు మూసుకుంది. తను అడగాలనుకున్నది అదే. అడగడానికి మాటలు మాత్రం అప్పటిదాకా దొరకలేదు.

వరండాలో కోటు కోసం నిలబడ్డప్పుడు పట్టాభి దగ్గరికి వచ్చాడు. లాయరు వారిస్తున్నా ఆగలేదు. దగ్గరినుంచి చూస్తే ముసలివాడైపోయినట్టున్నాడు.

"నాకు నిజంగా అలాగే వినిపించిందమ్మా," అన్నాడు. "ఒట్టు. ఆ రోజునుంచీ అనుకుంటూనే ఉన్నాను. క్షమించండి."

ఆయన ఎదురుచూస్తున్నాడు. ఆమె గొంతులో మాట అలవాటుగా లేచింది. నాలుక దానికి సిద్ధమైపోయింది కూడా. సరె... ఆ ఒక్క మాటంటే అందరికీ సులువు. ఆయన ఇంటికి పోతాడు, తను ఇంటికి పోతుంది, తలుపు పడుతుంది. పుట్టినప్పటినుంచీ ఆమె ఎన్ని తలుపులు వేసిందో, వాటి వెనక ఎన్నింటిని వదిలేసిందో లెక్కలేదు.

ఆ మాటను మింగేసింది.

"మళ్ళొక్కసారి అడిగుంటే అయిపోయేది సార్," అంది. "ఇగ నుంచి అడుగుండ్రి. ప్రతి ఒక్కల్ని."

పట్టాభి తల ఊపి వెళ్ళిపోయాడు.

గోడకు ఆనుకుని విఠల్ చూస్తున్నాడు. సుభద్ర కోటు అందుకుని, ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు ముందు ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, లేవని ఆ చేతికి మొదట తొడుక్కుంది. విఠల్ సాయానికి ఒకడుగు ముందుకేసి ఆగాడు.

"పట్టుకోవాల్నా చెల్లె?" అని అడిగాడు.

"వద్దన్నా," అంది సుభద్ర. "అయిపోయింది." ఎడమ చేతికి కూడా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంది.